కదలని సంచి

క్రిందటి వారం మనం నెఫ్తాలీ జార్విస్‌ను సాన్ పెద్రో బేస్‌బాల్ స్టేడియంలో, గోడకు అంటించిన ఆటగాళ్ల జాబితా ముందు నిలబెట్టి వచ్చాము. రాజధాని జట్టులో మూడవవాడిగా బ్యాటు పట్టబోయే మనిషి పేరు ఆదల్బేర్తో సిల్వెస్త్రే అని ఆ కాగితం చెప్పింది. ఆ పేరును నెఫ్తాలీ తొమ్మిదేళ్లుగా తన ఎడమ మోకాలిలో మోస్తున్నాడు.

చక్కెర మిల్లు వెనక పేటలో, దోన్ రామిరో ఓల్గీన్ అనే శిక్షకుడి చేతి కింద వాళ్లిద్దరూ కలిసి పెరిగారు. ఇద్దరివీ చురుకైన చేతులు, ఇద్దరివీ చురుకైన కాళ్లు. సముద్రం అవతలి ఉత్తరాది క్లబ్బులో ఒక్కడికే చోటుందని మాత్రం దోన్ రామిరోకు తెలుసు. ఆ ఊళ్లో చెరకును ఏడాదికొకసారి కోస్తారు. పిల్లలను కూడా ఏడాదికొకసారే, జూలై రెండవ తేదీన, పదహారేళ్లు రాగానే, క్లబ్బుల కోసం కోస్తారు. పచ్చి చెరకును కోయకూడదన్న నియమమైనా మిల్లుకు ఉంది, పిల్లల విషయంలో అదీ లేదు. కోతకు పది రోజుల ముందు, క్లబ్బుల మనుషుల ఎదుట జరిగిన పరీక్ష ఆటలో, సిల్వెస్త్రే రెండు కాళ్లూ చాచి రెండో బేస్‌లోకి జారివచ్చి నెఫ్తాలీ మోకాలు విరిచాడు. జూలైలో అతడు విమానం ఎక్కాడు. నెఫ్తాలీ ఏడాదిన్నర చంకకర్రల మీద నడిచాడు, ఆపైన ఓడరేవులో బస్తాలు మోశాడు. పంతొమ్మిదవ ఏట వేరే క్లబ్బు ఒకటి, ఎవరో వదులుకున్న వస్తువును తీసుకున్నట్టు అతడిని తీసుకుంది. ఆరేళ్లపాటు పేరులేని చిన్న ఊళ్లలో ఆడి, ఊరికీ ఊరికీ మధ్య బస్సుల్లో నిద్రపోయాడు.

ఇప్పుడు, ఇరవై అయిదేళ్లకు, ఫిబ్రవరిలో పెద్ద జట్టు శిబిరానికి రమ్మని అతడికి మొదటి పిలుపు వచ్చింది. పిలుపుతోబాటు హెచ్చరిక వచ్చింది. రెండేళ్ల క్రితం మైదానంలో అతడు ఒకడి దవడ పగలగొట్టిన సంగతి క్లబ్బు మరిచిపోలేదు. అటువంటిది మరొక్కటి వినిపిస్తే ఫిబ్రవరి ఉండదు. ఆ మాట మోసుకొచ్చిన తెల్లటోపీ మనిషి ఈ ఆదివారం మొదటి బేస్ వెనక కుర్చీలో, ఒళ్లో పుస్తకం తెరిచిపెట్టుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీ దోన్ రామిరోది. మూడు వరుసల పైన నెఫ్తాలీ తల్లి ఎర్సీలియా ఉంది. ఏడాదిన్నరపాటు ప్రతి సాయంత్రం ఆ మోకాలికి పాము కొవ్వు రాసి, రాసినంతసేపూ సిల్వెస్త్రే పేరెత్తి శపించిన మనిషి ఆమె. కొడుకు ఆట చూడడానికి ఆమె మైదానానికి రావడం, మోకాలు విరిగిన ఆ రోజు తరువాత ఇదే మొదటిసారి.

ఆట నాలుగు గంటలకు. మూడింటికే నెఫ్తాలీ రెండో బేస్ దగ్గర నిలబడి, మొదటి బేస్‌కు బంతి విసరడం సాధన చేస్తున్నాడు. మామూలుగా విసరడం కాదు. చెయ్యి నడుము కన్నా కిందికి దించి, బంతి మనిషి ముఖమంత ఎత్తులో కోసుకుపోయేలా పక్కవాటుగా విసురుతున్నాడు.

రెండో బేస్ కాపరికి ఆ ఆట ఇచ్చిన ఆయుధం అదొక్కటే. మొదటి బేస్ మీద పరుగువాడు ఉండగా బ్యాటు దెబ్బకు బంతి నేలబారుగా వస్తే, దాన్ని అందుకున్నవాడు రెండో బేస్‌కు అందిస్తాడు. రెండో బేస్ కాపరి కాలు మోపి ఒకడిని ఔట్ చేసి, అదే ఊపులో మొదటి బేస్‌కు విసిరి రెండవవాడిని ఔట్ చేస్తాడు. ఆ క్షణంలో ఔటైన పరుగువాడు సరిగ్గా బంతి దారిలోనే పరిగెత్తి వస్తుంటాడు. వాడు నేలమీదికి జారాలి, లేదా తల దించాలి. దించకపోతే బంతి వాడి ముఖంలో ఆగుతుంది. దానికి శిక్ష వేసే అంపైరు ఏ దేశంలోనూ లేడు.

ముసలి కోచ్ తెలేస్ఫోరో పక్కకు వచ్చి నిలబడి కాసేపు చూశాడు.

"ఏంట్రా, ఇవాళ బంతికి ఎత్తంటే భయమా?"

"చెయ్యి వేడెక్కిస్తున్నా, తాతా."

"వేడెక్కింది చెయ్యి కాదులే. ఆ తెల్లటోపీ కనిపిస్తోందా? నీ ఫిబ్రవరి దాని కిందే కూర్చుంది."

"నేనేం నియమం తప్పట్లేదుగా. వంగనివాడి ముఖం వాడి పూచీ అని నాకు నేర్పింది నువ్వే."

"నేర్పాను. వంగనివాడి గురించి నేర్పాను. వంగినా తగిలేటట్టు విసిరేవాడి గురించి నేను నేర్పలేదు." ముసలాయన నేలమీది గులకరాయిని కాలితో పక్కకు నెట్టాడు. "నువ్వు ఇప్పుడు విసిరేది అదే."

నెఫ్తాలీ మరో బంతి అందుకున్నాడు.

మూడవ ఇన్నింగ్స్‌లో సిల్వెస్త్రే బంతిని కుడి గోడ దాకా కొట్టి, నిలబడే రెండో బేస్‌కు చేరాడు. మూడేళ్లు ఉత్తరాది పెద్ద జట్టులో ఆడినవాడు. ఈ శరదృతువులో వాళ్లు వదిలేశారు. నడుము చుట్టూ కొవ్వు పేరుకుంది. వేయించిన యానికేకె రొట్టెలు బుట్టలో పెట్టుకుని మెట్లమీద తిరిగే ఆవిడ గొంతు గ్యాలరీ అంతటికీ వినిపించింది.

"ఏమయ్యా సిల్వెస్త్రే, వాళ్లే పంపించేశారా, నువ్వే దారి తప్పి వచ్చావా? మనిషిలా వెళ్లావు, మిల్లు బాయిలరంత అయి వచ్చావే."

జనం నవ్వారు. సిల్వెస్త్రే కూడా హెల్మెట్ తీసి ఆవిడవైపు వంగి నమస్కరించాడు. తరువాత, నెఫ్తాలీని చూడకుండానే, చొక్కా మీది దుమ్ము దులుపుకుంటూ అడిగాడు.

"కాలెలా ఉంది?"

"వాన వచ్చేముందు చెబుతుంది. నీకేం కావాలి?"

"నువ్వు ఇందాక విసురుతుంటే చూశాను. నా నుదురు కొలత బానే తీశావు."

"నుదురు కాదు," అన్నాడు నెఫ్తాలీ. "పళ్లు."

పిచర్ బంతి విసిరాడు. బ్యాటువాడు వదిలేశాడు. సిల్వెస్త్రే రెండడుగులు ముందుకు వేసి, మళ్లీ బేస్ మీదికి వచ్చాడు.

"ఒక్కటి చెప్పు. ఆ రోజు నీ కాలు సంచిమీదే ఎందుకుంచావు?"

ఆ ప్రశ్నలోని నీచత్వానికి నెఫ్తాలీకి చెవులు వేడెక్కాయి. మిల్లు పేట మైదానంలో బేస్‌లంటే గోనె సంచులు, లోపల చెరకు పిప్పి. వాటిని దేనికీ కట్టరు. ఎదుటివాడు వచ్చి గుద్దితే సంచి జారుతుంది, దానిమీది కాలు కూడా దానితో జారుతుంది; పడవ మీద నిలబడినవాడు పడవతో పోయినట్టు పోవాలి. పేట పిల్లలందరూ రెండో బేస్ ఆటను అలాగే నేర్చుకుంటారు. అసలైన మైదానాల్లో బేస్‌కు భూమిలో ఇనుప వేరు ఉంటుంది. అక్కడ అలా నిలబడితే కాలు పోతుంది, అంటీ అంటనట్టు తాకి తప్పుకోవాలి. సంచిమీద పెరిగిన పిల్లవాడు ఇనుపవేరు మీద చేసే మొదటి పొరపాటు అదే కనుక, వాళ్లను క్లబ్బుల దగ్గరకు పంపేముందు శిక్షకుడు మాన్పించే మొదటి అలవాటు కూడా అదే. నెఫ్తాలీకి అప్పటికింకా ఎవరూ మాన్పించలేదు. ఆ రోజు అక్కడున్నది ఎప్పటి గోనెసంచే గదా.

"ఎప్పుడూ ఉంచినట్టే ఉంచాను. నువ్వు కొట్టాల్సింది సంచిని. నన్ను కొట్టావు."

"సంచినే కొట్టాను," అన్నాడు సిల్వెస్త్రే. "అది కదల్లేదు."

మరో బంతి. గీత బయట పడి ఫౌల్ అయింది. జనంలో ఎవరో డప్పు కొడుతున్నారు. నెఫ్తాలీ తన చోటికి వెళ్లవలసినవాడు, వెళ్లకుండా నిలబడ్డాడు.

"ఏం కూశావు?"

"నా కుడికాలి వేళ్లు రెండు విరిగాయి ఆ రోజు. బూటు విప్పితే పరీక్ష పోతుందని విప్పలేదు, అలాగే ఆడాను. ఏరా, చెరకు పిప్పి తగిలి ఎవడికైనా వేళ్లు విరుగుతాయా? మర్నాడు పొద్దున్నే వెళ్లి చూశాను. సంచి లేదు. సంచి ఉన్నచోట గొయ్యి. జానెడు లోతు, నా బొటనవేలంత వెడల్పు. అంచులకి తుప్పు. ఇనుప చీల దిగ్గొట్టి పీకేసిన గొయ్యి."

"ఎవరు దిగ్గొట్టారు?"

సిల్వెస్త్రే గడ్డం మాత్రమే కదిపి మొదటి బేస్ వెనకకు చూపించాడు. తెల్లటోపీ చెవిలో దోన్ రామిరో ఏదో చెబుతున్నాడు, ఇద్దరూ నవ్వుతున్నారు.

"నేను వెళ్లి అడిగాను. కాళ్లు చాచి గట్టిగా వెళ్లమని నాకు చెప్పిందీ ఆయనే, సంచి జారుతుందిగా ఏం కాదు అన్నదీ ఆయనే. నీకు విమానం కావాలా, ఈ గొయ్యి కావాలా, రెండూ రావు అన్నాడు. నాకు పదహారేళ్లు రా. విమానం అన్నాను."

"మరి తొమ్మిదేళ్లు నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"ఉత్తరాది అన్నం."

"ఇప్పుడు వాళ్లు ఆ అన్నం మాన్పించారు గనక నిజం గుర్తొచ్చింది."

"అవును," అన్నాడు సిల్వెస్త్రే. దానికి ఏ తొడుగూ తొడగలేదు.

"పళ్లు కాపాడుకోవడానికి కథ అల్లుకొచ్చావు. బాగానే అల్లావు."

"సరే, అలాగే అనుకో. ఇవాళ ఎప్పుడో ఒకప్పుడు నేను నీమీదికి పరిగెత్తే బంతి ఒకటి పడుతుంది. నేను జారను. తల దించను. నిలబడే వస్తాను. అబద్ధమనిపిస్తే పళ్లు తీసుకో."

తరువాతి బంతి గాలిలోకి లేచి ఎవరి చేతిలోనో పడింది. ఇన్నింగ్స్ అయిపోయింది. సిల్వెస్త్రే గ్లవ్ తెచ్చుకోవడానికి వెళ్లిపోయాడు.

నాలుగు, అయిదు, ఆరు ఇన్నింగ్స్‌లలో నెఫ్తాలీ తన దగ్గరకు వచ్చిన ప్రతి బంతినీ తప్పులేకుండా అందుకున్నాడు. తెల్లటోపీ పుస్తకంలో ఏదో రాసుకుంటూనే ఉన్నాడు. నెఫ్తాలీ లోపల మాత్రం తొమ్మిదేళ్లుగా ఒకే చోట పెట్టి ఉంచిన బరువు చోటు తప్పింది. ద్వేషానికి కూడా మోయడానికి ఒక పద్ధతి ఉంటుంది. ఏ భుజం మీద, ఏ కోణంలో అన్నది అలవాటైపోతుంది. దాన్ని మరో భుజానికి మార్చమంటే మోసేవాడు ముందు నమ్మడు. సిల్వెస్త్రే చెప్పింది అబద్ధమైతే అతడికి పళ్లు రాలాలి. నిజమైతే? నోరు మూసుకుని విమానం ఎక్కినవాడు నిర్దోషి అవుతాడా? కాడు. కాని చీల దిగ్గొట్టినవాడు మొదటి బేస్ వెనక ఇస్త్రీ చొక్కాతో కూర్చుని, ఆ రోజు తాను కుంటివాడిని చేసిన మనిషిని ఈ రోజు "నా చేతుల్లో పెరిగిన బిడ్డ" అని క్లబ్బులకు చెప్పుకుంటున్నాడు.

ఏడవ ఇన్నింగ్స్. స్కోరు సమానం. ఒకడు ఔటయ్యాడు, మూడో బేస్ మీద రాజధాని జట్టువాడొకడు ఉన్నాడు, మొదటి బేస్ మీద సిల్వెస్త్రే. బంతిని నేలబారుగా కొట్టి ఒకే దెబ్బకు సిల్వెస్త్రే, బ్యాటువాడు ఇద్దరూ ఔటైతే లెక్క మూడై ఇన్నింగ్స్ ముగుస్తుంది. కాకపోతే మూడో బేస్ మీదివాడు ఇంటి బేస్‌కు చేరి, ఒక పరుగుతో రాజధాని జట్టు ముందుకు పోతుంది. ఈ సంగతి మైదానంలో ప్రతివాడికీ తెలుసు, తెల్లటోపీకి అందరికన్నా బాగా తెలుసు.

బ్యాటువాడు కొట్టాడు. బంతి రెండుసార్లు గెంతి ఎడమవైపు కాపరి చేతిలో పడింది, అక్కడినుంచి రెండో బేస్‌కు వచ్చింది. నెఫ్తాలీ అందుకుని ఎడమకాలితో బేస్ తాకి తప్పుకున్నాడు. సిల్వెస్త్రే ఔట్. బంతి కుడిచేతిలోకి మారింది, చెయ్యి నడుము కిందికి దిగింది, అప్పుడు తలెత్తాడు.

సిల్వెస్త్రే నిలబడే వస్తున్నాడు.

పన్నెండు అడుగులు. పది. చేతులు ముఖానికి అడ్డం పెట్టుకోలేదు. జారడానికి నడుము వంచలేదు. ఎనిమిది అడుగుల దగ్గర కళ్లు మాత్రం మూసుకున్నాడు. మనిషి గనక అంతవరకే చేయగలిగాడు. తల దించలేదు. తొమ్మిదేళ్లుగా కోరుకున్న ముఖం, కోరుకున్న ఎత్తులో, కోరుకున్న దూరంలో, పూర్తిగా తెరిచి ఉంది.

బంతి చేతిని విడిచిపోయే చివరి క్షణాన నెఫ్తాలీ మణికట్టు రెండు వేళ్ల వెడల్పు తెరుచుకుంది. అది దయ కాదు. దయకు అక్కడ సమయం లేదు. అబద్ధమాడేవాడు వంగుతాడు అన్న లెక్క తప్పడంతో చెయ్యి తానుగా చేసిన సవరణ అది. బంతి సిల్వెస్త్రే చెంపకు గాలి కొట్టి, చెవి పక్కనుంచి పోయి, మొదటి బేస్ కాపరి గ్లవ్‌లో చప్పుడు చేసింది. అంపైరు పిడికిలి లేచింది. ఇద్దరూ ఔట్.

జనం లేచారు. సిల్వెస్త్రే ఆగలేక వచ్చి నెఫ్తాలీ ఛాతీకి తగిలి నిలబడ్డాడు. కళ్లు తెరిచాడు. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"కొంచెం ఎడమకి విసిరుంటే సరిపోయేది," అన్నాడు.

"నీ వంతు ఎక్కడికీ పోదు," అన్నాడు నెఫ్తాలీ. "ముందు వాడిది."

తమ జట్టు బెంచీ వైపు వెళ్లవలసినవాడు మొదటి బేస్ వైపు నడిచాడు. తెలేస్ఫోరో రెండడుగులు ఎదురువచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"తెల్లటోపీ ఇప్పుడే నవ్వాడురా. ఆ నవ్వుతో లోపలికి పోదాం పద."

"వదులు, తాతా. చెయ్యెత్తను. మాటే."

కంచె దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. దోన్ రామిరో రెండు చేతులూ చాచి లేచాడు.

"చూశారా సార్, చెప్పలేదూ? నా చేతుల్లో పెరిగిన బిడ్డ."

"దోన్ రామిరో, మీ మైదానం ఇంకా అక్కడే ఉందా?"

"ఎక్కడికి పోతుంది అబ్బాయ్? నీలాంటివాళ్ల కోసం ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

"అయితే రేపు పొద్దున ఏడింటికి వస్తాను. మీరు రెండో బేస్ దగ్గర నిలబడండి. ఎడమకాలు సంచిమీద పెట్టుకుని. చీల దిగ్గొట్టిన సంచి. నేను మొదటి బేస్ నుంచి పరిగెత్తుకొచ్చి రెండు కాళ్లూ చాచి జారుతాను. మీరు కదలొద్దు. మీ సంచి ఎలాగూ కదలదు."

తెల్లటోపీ చేతిలో పెన్ను ఆగింది. ముప్పయ్యేళ్లుగా ఆ దీవిలో పిల్లలను ఎంచుతున్నవాడు. ఆ భాష అతడికి బాగా తెలుసు.

"ఏ చీల?" అన్నాడు.

దోన్ రామిరో ముఖంలో ఏదైనా మారుతుందని నెఫ్తాలీ ఎదురుచూశాడు. మారలేదు. ఆయన మళ్లీ కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, ప్యాంటు మడత సరిచేసుకున్నాడు.

"సిల్వెస్త్రే చెప్పాడన్నమాట. వాడు గొయ్యి ఒక్కటే చూశాడు పాపం."

"గొయ్యి చేసింది మీరు."

"చీల దిగ్గొట్టింది నేనే. కాదనను. ఇద్దరిలో ఒకడే పోవాలి, ఎవడో ఒకడు ఉండిపోవాలి. కాని నువ్వు తెలివైనవాడివి, అబ్బాయ్, కాస్త ఆలోచించు. చీల దిగ్గొట్టాక దాని చుట్టూ పిప్పి కూరాలి. కూరాక పైకి గుబ్బ కనపడకుండా మూతి కుట్టాలి, అదీ క్లబ్బుల మనుషులు రాకముందు, చీకటి విడవకముందు. దబ్బనం కావాలి, పురికొస కావాలి, చెయ్యి తిరిగి ఉండాలి. నా చేతికి చొక్కా బొత్తామే కుట్టడం రాదు. మన పేటలో గోనె కుట్టే ఇళ్లు ఎన్ని?"

ఒక్కటి. మిల్లులో చిరిగిన చక్కెర బస్తాలన్నీ కుట్టుబడికి ఆ ఒక్క ఇంటికే వచ్చేవి. నెఫ్తాలీ ఆ బస్తాల దొంతర మీద పడుకుని పెరిగాడు.

"ఇద్దరిలో ఎవడు ఉండిపోవాలో నేను ఎంచలేదు," అన్నాడు దోన్ రామిరో, ఇప్పుడు తెల్లటోపీకి కూడా వినిపించేలా. "నన్ను వచ్చి అడిగారు. నా ఇంటి గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని అడిగారు."

నెఫ్తాలీ తలెత్తి మూడు వరుసల పైకి చూశాడు. ఎర్సీలియా తన చోట లేదు. అప్పటికే మెట్లు దిగింది. జనం మధ్యనుంచి, ఎవరినీ పక్కకు తొలగమనకుండా, ఆదివారం గుడికి వెళ్లే నల్లగౌనులో నేరుగా కంచె దాకా వచ్చి, రెండు చేతులతోనూ ఇనుప తీగ పట్టుకుంది. కొడుకు ముఖంలోకి చూసింది. అతడు అడగబోయేదాన్ని అడగనివ్వలేదు.

"నువ్వు నన్ను వదిలి పోకుండా మడమ బెణికితే చాలన్నాను, నాన్నా," అంది. "మోకాలు నేనడగలేదు."